నాంపల్లి గల్లీల్లో ఒక్కరోజు మందు

నా ప్రాక్టీసు మొత్తంలో రోగులకు ఎక్కువసార్లు చెప్పిన మాట 'నడవండి'. వాళ్లు తక్కువసార్లు విన్న మాటా అదే. మందు వేసుకోమంటే వేసుకుంటారు, పథ్యం చెబితే సగమన్నా చేస్తారు, సూది అంటే మొహం తిప్పుకునైనా జబ్బ చాపుతారు. నడవమంటే మాత్రం బుద్ధిగా తలూపి, బయటికెళ్లి రిక్షా ఎక్కుతారు.

ఇప్పుడు వైద్యంలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రోగి రోజూ ఎన్ని అడుగులు వేస్తున్నాడో చేతి గడియారమే చెప్తోందట. సంతోషం. నేను మాత్రం వాళ్లను ఒకటే అడుగుతాను. "ఆ మనిషి ఇల్లు ఎలాంటి వీధిలో ఉందమ్మా? గుమ్మం దాటితే ఏముంటుంది?" తెల్లమొహం వేస్తారు. వాళ్లనేం అనను. వాళ్ల వయసులో నేను అంతకన్నా తెల్లమొహమే వేశాను. నా కళ్లు తెరిపించిన ఒక డాక్టరు గురించి, ఆయన దగ్గర చూసిన ఒక కేసు గురించి రాసిపెడదామని ఇప్పుడు కూర్చున్నాను. నాకు కప్పిన శాలువాల గురించీ నేను కూర్చున్న కమిటీల గురించీ అడగకండి. చదివితే మీకు నిద్రొస్తుంది, రాస్తే నాకొస్తుంది.

బడే డాక్టర్ సాబ్

మాది తెనాలి వైపు. విశాఖపట్నంలో వైద్యం చదివాను. మావారు కర్నూలు సెక్రటేరియట్‌లో గుమాస్తా. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు మారగానే ఫైళ్ల మూటలతో పాటు మేమూ వచ్చిపడ్డాం. నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఆ వీధి చివరే ఒక దవాఖాన ఉండేది. అక్కడ ఆడ డాక్టరు కావాలంటున్నారని ఇంటివాళ్లు చెబితే, కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లి నిలబడ్డాను.

దవాఖాన పెద్దాయన పాత హైదరాబాదు మనిషి. ఉర్దూలో వైద్యం చదువుకున్న తరం. మెడదాకా గుండీలు పెట్టిన షేర్వాణీ, అరిగిన బూట్లు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. అందరూ ఆయన్ని బడే డాక్టర్ సాబ్ అనేవాళ్లు. ఆయన నాతో అన్న మొదటి మాట డిగ్రీ గురించి కాదు. నా కాళ్లవైపు చూసి, "చెప్పులు మంచియి కొనుక్కో అమ్మా. గీడ పని కాళ్లతోని ఉంటది," అన్నారు. ఇదేం డాక్టరురా భగవంతుడా అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆయనంటే నాకు ఒళ్లు మండడం మొదలైంది. కారణం మందు సీసాలు. ఆ రోజుల్లో కాంపౌండరు మందు కలిపి సీసాలో పోసి, మోతాదు తెలిసేలా దాని పక్కన కాగితం కత్తిరించి అంటించేవాడు. వేరే దవాఖానల్లో మూడు రోజులకో వారానికో సరిపడా పోసిచ్చేవాళ్లు. మా దగ్గర చాలామందికి ఒక్కరోజు మందే. మర్నాడు మళ్లీ ఖాళీ సీసా పట్టుకుని రావాలి. అదీ రోగే రావాలి. కొడుకునో నౌకరునో పంపితే కాంపౌండరు ఆ సీసా ముట్టుకునేవాడు కాదు. "సీసా ఎవరిదో ఆళ్లే రావాలె. సాబ్ హుకుం," అనేవాడు. జ్వరంతో మంచం పట్టినవాళ్లకు ఈ నియమం లేదు. షుగరు, రక్తపోటు, కీళ్లనొప్పులు, ఒంటి బరువు, ఇలాంటి వాళ్లకే.

దీనికి తోడు ఇంకో విచిత్రం. అవే జబ్బులున్న మరికొందరికి వారం మందు ఒకేసారి కట్టించి పంపేవారు. వాళ్లంతా ఆయన చుట్టాలై ఉంటారనుకున్నాను. ఎంత ఓపిక పట్టినా నోరు ఊరుకోదు కదా, ఒకరోజు అడిగేశాను.

"సాబ్, అందరికీ వారం మందు ఒకేసారి ఇస్తే రోజూ తిరిగే బాధ తప్పుతుంది కదండీ?"

"గా బాధ తప్పితెనే అసలు బాధ మొదలైతది," అన్నారు. "మందు నేనిస్త. దాంతోని కలిపి తీసుకునే అనుపానం ఆళ్లు చూసుకోవాలె. నడకే అనుపానం."

"మరి కొందరికి వారానికి సరిపడా ఇస్తున్నారే?"

ఆయన గోడకు వేలాడుతున్న గొడుగు తీసి నా చేతిలో పెట్టారు. "నడువు, చూపిస్త."

గల్లీ నాడి

ఆ సాయంత్రం ఆయన నన్ను నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా గల్లీలన్నీ తిప్పారు. ఒక గల్లీ మొదట్లో ఆగి, "గిది చూడు," అన్నారు. "మధ్యాన్నం దాటినంక ఎండ గా గోడ అవతల్నే ఆగిపోతది. నాలుగిండ్లకొక అరుగున్నది. ముసలామెకు దమ్మొస్తె గాడ కూసుంటది. కూసుంటె ఎవరో ఒకరు పలకరిస్తరు, మంచినీళ్లిస్తరు. గిసువంటి గల్లీలున్నోళ్లకు నా దగ్గర ఒక్కరోజు మందే."

తర్వాతి గల్లీలో మూత లేని మురుగు మోరీ ఉంది. మలుపులో సేంది దుకాణం, అంటే కల్లు దుకాణం, దాని ముందు తూలుతున్న మనుషులు, వాళ్లకు తోడు కుక్కలు. "గీడికెళ్లి ఒక ఆడమనిషిని రోజు రమ్మంటె నాకే పాపం తగుల్తది. గందుకే గీ గల్లీకి వారం మందు." అబిడ్స్ పెద్ద రోడ్డు దాటి రావలసిన ముసలివాళ్లకూ అంతే. బస్సులు, టాంగాలు, సైకిళ్ల మధ్య ఆ రోడ్డు దాటడమే వాళ్లకొక గండం అన్నారు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. రోగి ఇంటినుంచి తన దవాఖాన దాకా ఉన్న దారంతా ఆయన స్వయంగా నడిచి చూసేవారు. చెయ్యి పట్టుకుని నాడి చూసినంత శ్రద్ధగా గల్లీని చూసేవారు. నీడ ఏ వైపు పడుతుంది, కూర్చునే చోటుందా, పలకరించే మనిషి ఉన్నాడా, కాలు జారే చోట్లేమిటి, అన్నీ ఆయనకు తెలుసు. ఆ తర్వాత నేను చాలామంది గొప్ప డాక్టర్లను చూశాను. పై దేశాల్లో చదివొచ్చినవాళ్లతో కలిసి పనిచేశాను. రోగి వీధిని పరీక్ష చేసిన డాక్టరును మాత్రం ఇంకొకరిని చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది, ఆయనేదో నా సొంత మేనమామ అయినట్టు.

ఆయన మాట ఎంత నిజమో మావాళ్ల ద్వారానే తెలిసింది. మావారి ఆఫీసులో రామకోటయ్య గారని గుంటూరు వైపాయన ఉండేవారు. మా పక్క గల్లీలో ఉన్నంతకాలం ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. కరివేపాకు తేవడానికి ఒకసారి, పేపరు కోసం ఒకసారి, కిళ్లీ కోసం మరోసారి, ఊరినుంచి ఎవరో పంపిన ఊరగాయ జాడీ దించుకోవడానికి స్టేషనుకి ఇంకోసారి. ఎవరూ ఆయన్ని నడవమని చెప్పలేదు, ఆయనా నడుస్తున్నానని అనుకోలేదు. తర్వాత ఊరి చివర కొత్త కాలనీలో క్వార్టర్సు వచ్చింది. వెడల్పాటి రోడ్లు, కొత్తగా నాటిన మొక్కలు. కొన్నాళ్లకు బస్సెక్కి మా దవాఖానకు వచ్చారు. మనిషి ఒళ్లు ఊరిపోయి, ఆయాసపడుతున్నారు.

"ఏమండీ, నడక మానేశారా?" అన్నాను.

"రోడ్డు చూస్తే అద్దంలా ఉందమ్మా. కానీ నడిచి ఎక్కడికెళ్లాలి? కొట్టు లేదు, నీడ లేదు, పలకరించే దిక్కు లేదు. మొన్న సాయంత్రం ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే కాపలావాడు పిలిచి, ఎవరింటికయ్యా అని నిలదీశాడు. నా ఇంటికే నాయనా అంటే నమ్మడే!"

ఇది చెబితే సాబ్ చాలాసేపు నవ్వారు. తర్వాత, "రోడ్డు మంచిగుంటె చాలదమ్మా. కాళ్లకు ఒక పని గూడ ఉండాలె," అన్నారు.

అంత మంచి డాక్టరే గానీ ఆయన నోటికి మాత్రం అదుపు లేదు. ఎదురు ప్రశ్న వేసినవాణ్ని కసిరేవారు. సీసా నియమం ఎందుకో ఎవరికీ విడమరచి చెప్పేవారు కాదు. దాంతో కొందరు మంచి రోగులు అలిగి వేరే డాక్టర్ల దగ్గరికి పోయారు. రెండు ముక్కలు నెమ్మదిగా చెబితే సరిపోయేదానికి ఇంత గొడవెందుకని నేను పోట్లాడేదాన్ని. ఇందులో మీరు ఆయనలా కాకండి.

లెక్కల టీచరమ్మ

అరవైల మొదట్లో మా దగ్గరికి సుశీలమ్మ గారు వచ్చారు. నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేవారు. ఆ బడి మా దవాఖాన దాటిన తర్వాత నాలుగు అంగల్లోనే. ఇల్లేమో అబిడ్స్ వెనక గల్లీలో, మరిది గారింట్లో. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మరిది లక్ష్మీనారాయణ గారికి అబిడ్స్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. వదినంటే ఆయనకు ప్రాణం. ఆమెకు ఏ లోటూ రానివ్వనని అన్న పోయిననాడే పదిమందిలో మాటిచ్చారట. ఆ మాట నిలబెట్టుకోవడమంటే ఆయన దృష్టిలో ఆమె కాలు నేల మీద పడనివ్వకపోవడం.

ఇంటినుంచి బడి పెద్ద దూరమేం కాదు. అయినా పొద్దునా సాయంత్రం పరదా కట్టిన రిక్షా గుమ్మంలోకి వచ్చేది. పాత హైదరాబాదులో పరువుగల ఇళ్లల్లో అదే మర్యాద. ఆడమనిషి పనిమీద నడిచి వెళ్తే ఇంట్లో గతి లేదేమో అనుకుంటారు. పని లేకుండా నడిస్తే ఇంకేదో అనుకుంటారు. మా ఊళ్లో కాలవగట్టు వెంట గుంపుగా కబుర్లాడుకుంటూ నడిచి పెరిగినదాన్ని కాబట్టి ఈ మర్యాద నాకు బొత్తిగా మింగుడుపడేది కాదు.

ఆ చలికాలంలో ఒకరోజు పొద్దున్నే ఆమెకు ఎడమ చెయ్యీ కాలూ పట్టు తప్పాయి. పక్షవాతం చిన్నదే, మాట పోలేదు, చెయ్యి కొద్ది రోజులకే తేరుకుంది. కాలు మాత్రం ఈడుస్తూనే ఉండిపోయింది. ఆమె క్లాసు మేడమీద. బడి పెద్ద టీచరు మా దగ్గరికొచ్చి విషయం దాచకుండా చెప్పింది. వేసవి సెలవులయ్యాక బడి తెరిచేనాటికి సుశీలమ్మ మెట్లెక్కి క్లాసుకు రాగలిగితే సరే, లేకపోతే ఆ చోట్లో వేరే మనిషిని పెడతారు.

ఆ సంగతి చెప్పినప్పుడు సుశీలమ్మ గారు కళ్లనీళ్లు పెట్టుకోలేదు. ఎవరూ లేకుండా చూసి నాతో అన్నారు.

"మా మరిది దేవుడసువంటోడు డాక్టరమ్మా. తిండికి, బట్టకు నాకు ఫికరు లేదు. కని బడి పోతె నేను బతికినట్టు కాదు. నన్ను గా మెట్లెక్కియ్యి. ఇంకేం అడుగ."

చదువుకున్న జ్ఞానమంతా కూడగట్టుకుని సలహా ఇచ్చాను. కాలు పని చెయ్యాలంటే దాన్ని పనిలో పెట్టాలి, రోజూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో నడవండి, చెట్లున్నాయి, మంచి గాలి అన్నాను. లక్ష్మీనారాయణ గారు వెంటనే ఏర్పాట్లు చేశారు. రోజులు గడిచాయి గానీ కాలు ఉన్నచోటే ఉంది. సంగతేమిటో చూద్దామని ఒక పొద్దున నేనే తోటకు వెళ్లాను. చెట్టు కింద బెంచీ మీద సుశీలమ్మ గారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. పక్కనే మరిది జామపండు ముక్కలు కోసి పెడుతున్నారు. గేటు దగ్గర పరదా రిక్షా వాళ్లకోసం కాచుకుని ఉంది.

"చెట్ల గాలి మంచిగ పీల్చుకుంటున్నది మా వదినె," అన్నారాయన ఎంతో సంతోషంగా.

"మరి నడక?"

"గీడ ఎట్ల నడుస్తదమ్మా? అందరు చూస్తరు. గామె ఏం పనిమీద తిరుగుతున్నదని అడిగితె ఏం చెప్పాలె?"

నేను ఉసూరుమంటూ వచ్చి సాబ్‌కు చెప్పాను. ఆయన నవ్విన నవ్వుకు నోట్లో లవంగం ఎగిరి బల్లమీద పడింది. "తోటల గామెకేం పనున్నదమ్మా? పని లేకుంట నడిచేది దొరలు, లేకుంటె పిచ్చోళ్లు. రేపటికెళ్లి గామెకు ఒక్కరోజు మందు." ఆ ఇంటి గల్లీ ఆయనకు ముందే తెలుసు. అరుగుల గల్లీ అదే.

మర్నాడు సాయంత్రం నౌకరు సీసా పట్టుకొచ్చాడు, కాంపౌండరు తిప్పి పంపాడు. ఆ వెనకే లక్ష్మీనారాయణ గారు ఊడిపడ్డారు.

"ఏంది సాబ్ గిది? ఒక్క సీసా మందుకు మా వదినెను బజార్ల నడిపిస్తరా? నలుగురు ఏమనుకుంటరు?"

"దవాఖానకు పోతున్నదనుకుంటరు. చేతుల సీసా కనబడ్తది గద."

"నేను రిక్షాల తోలిస్త."

"రిక్షా వస్తె రిక్షాకు పోస్త మందు," అన్నారు సాబ్.

లక్ష్మీనారాయణ గారి మొహం ఎర్రబడింది. ఇంకో క్షణమైతే వెళ్లిపోయేవారే. ఈసారి నేను ఊరుకోలేదు. ఇద్దరి మధ్యకూ వెళ్లి ఆయన్ని కూర్చోబెట్టాను. కాలికి రోజూ పని పడకపోతే కండ ఎలా కరిగిపోతుందో, జూన్‌లో ఏం జరగబోతుందో, వదిన గారు నాతో ఏమన్నారో విడమరచి చెప్పాను. వదిన మాట విన్నాక ఆయన తలవంచుకున్నారు. అప్పుడు సాబ్ గొంతు కూడా మెత్తబడింది.

"నీ ఇజ్జత్‌కు నేను జిమ్మేదారు, లక్ష్మీనారాయణా. జర నా మాట ఇను."

ఆ సాయంత్రమే నేను వెంట ఉండి సుశీలమ్మ గారిని నడిపించుకొచ్చాను. చీర కొంగు కింద సీసా దాచుకుని బయల్దేరారు. మొదటి అరుగు దగ్గరే కూలబడ్డారు. ఆ ఇంటావిడ బయటికొచ్చి, "ఏడికి టీచరమ్మా?" అంది. సుశీలమ్మ గారు కొంగు తీసి సీసా చూపించారు. "దవాఖానకా? మంచిగ పోయిరా," అంది ఆవిడ, చెంబుతో నీళ్లిచ్చింది. అంతే, దాచుకునే పని తీరిపోయింది. ఆమె ఊరికే తిరగడం లేదు, పనిమీద పోతోంది. సాబ్ అన్నేళ్లుగా మందు సీసాల్లో పోసిస్తున్నది ఈ అనుమతే. 

ఆయన అంతటితో ఆగలేదు. అదే గల్లీలో షుగరున్న మరో ముగ్గురు ఆడవాళ్లకు కూడా అదే వేళ చెప్పారు. కొద్ది రోజుల్లో అదొక చిన్న ఊరేగింపు అయింది. చేతుల్లో సీసాలు, నోటినిండా కబుర్లు. అందులో ఒకావిడ పెళ్లై వచ్చాక తన గల్లీ మలుపు కాలినడకన తిరగడం అదే మొదటిసారట. కోడళ్ల మీద చాడీలు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని, రాకపోతే మిగతావాళ్లు తన గురించి చెప్పుకుంటారని, ఎవరూ ఒక్కరోజు కూడా మానేవారు కాదు. సుశీలమ్మ గారు మొదట్లో ప్రతి అరుగు దగ్గరా ఆగేవారు. ఎండలు ముదిరేసరికి రెండో మూడో అరుగులు చాలేవి.

తవ్విన గల్లీ

అంతా బాగుందనుకునే వేళకు గల్లీని పైపుల కోసం తవ్వారు. ఈ గోడనుంచి ఆ గోడదాకా గొయ్యి, పక్కన మట్టిగుట్టలు. పని ఎప్పటికవుతుందో ఎవరికీ తెలీదు. చుట్టుతిరిగి రావాలంటే సేంది దుకాణం ముందునుంచి పెద్ద రోడ్డెక్కాలి. ఆ దారిన ఏ ఆడమనిషీ రాదు, రమ్మనడానికి మాకూ నోరు రాదు. మా ఊరేగింపు ఆగిపోయింది. సుశీలమ్మ గారు మళ్లీ మంచానికీ కుర్చీకీ పరిమితమయ్యారు. బడి తెరవడానికి ఇంకెంతో కాలం లేదు.

సాబ్ షేర్వాణీ దులుపుకుంటూ వెళ్లి పనివాళ్ల మేస్త్రీ మీద అరిచొచ్చారు. తర్వాత గొయ్యి మీద చెక్క వేయించారు. ఆ చెక్క మీద ఆయనే నాలుగడుగులు వేసి, ఊగిసలాడి వెనక్కి వచ్చేశారు. ఆ రోజు ఆయన దిగాలుగా కూర్చోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ గల్లీకీ వెనక గల్లీకీ మధ్య ఒక పాత దేవిడీ ఉంది. అంటే ఒకప్పటి నిజాం కొలువు ఉద్యోగస్తుల పెద్ద భవంతి. ముందు వాకిలి ఈ గల్లీలో గొయ్యికి ఇవతలే, వెనక తలుపు దవాఖాన వైపు పోయే ఆ గల్లీలో. వెనక తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. నడుస్తూ నడుస్తూ గల్లీలు చూడడం నాకూ అలవాటైంది కాబట్టే అది నా కంటపడింది. సాబ్‌కు చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లి వాకిట్లో నిలబడ్డాను. ఆ ఇంటి పెద్దామె తెల్లచీరలో, తివాసీ పరిచిన తఖ్తు మీద కూర్చుని ఉంది.

"ఏంది, మా ఇల్లు రస్తా అనుకున్నవా?" అంది నా మాట పూర్తి కాకముందే.

"రస్తా కాదమ్మా. గల్లీ పూడ్చేదాకా దారి ఇవ్వండి. నలుగురే ఆడవాళ్లు. ఒకరికైతే ఈ నడక మీదే ఉద్యోగం ఆధారపడి ఉంది."

"ఎవరామె?"

"సుశీలమ్మ గారని, బడిలో లెక్కలు..."

"గా లెక్కల టీచరా?" ఆవిడ తఖ్తు మీద ముందుకు జరిగింది. "మా మనుమరాలికి చెప్పింది గామెనే. పిల్లకు లెక్కలు రానే రావని మేమంత ఆశ ఇడిసిపెట్టినం. ఇంటికి తోలి ఇడువలే గామె. కొట్టలే, తిట్టలే, నేర్పే దాంక ఊకోలే." వెనక తలుపు వైపు చూసి, "పొద్దున ఒకపారి, సాయంత్రం ఒకపారి తలుపు తీపిస్త. ఆడోళ్లే రావాలె. మొగోడు అడుగు పెట్టొద్దు. మీ సాబ్ అయినా సరే," అంది.

ఆ వెనక తలుపు గడియకు నూనె పోసి, ఇద్దరు మనుషులు భుజాలు ఆనించి నెడితే గానీ తెరుచుకోలేదు. మర్నాడు మా ఊరేగింపు దేవిడీలోనుంచి సాగింది. మొదట్లో పెద్దామె తఖ్తు మీదనుంచే చూసేది. కొన్నాళ్లకు కర్ర పట్టుకుని లోపలి వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆ తర్వాత వెనక తలుపుదాకా వాళ్లతో కలిసి నడిచొచ్చేది. ఆవిడకు మేమెవరం ఏ మందూ రాయలేదు.

సాబ్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన 'శభాష్' అన్నారు. ఆ సాయంత్రం కొత్త రోగి ఒకాయన వస్తే, కాంపౌండరుతో, "గీయనకు ఒక్కరోజుదా, వారానిదా? డాక్టరమ్మనడుగు. గల్లీలు గామెకు ఎరుక," అన్నారు. నేను పాసైంది ఆ రోజే.

బడి తెరిచిన రోజు

తొలకరి ముందురాత్రే పడింది. తెల్లారాక కూడా సన్నగా తుంపర పడుతోంది. నేను గొడుగు తీసుకుని వెళ్లేసరికి సుశీలమ్మ గారు గంజి పెట్టిన చీర కట్టుకుని, చేతిలో సంచీతో గుమ్మంలో తయారుగా ఉన్నారు. మెట్ల కింద పరదా రిక్షా కూడా తయారుగా ఉంది. లక్ష్మీనారాయణ గారు దాని పక్కనే నిలబడ్డారు.

"వదినె, ఇయ్యాల ఒక్కదినం రిక్షాల పో. అంత బురదున్నది. జారితె ఏం గావాలె?"

"రిక్షాల పోతె బడి గేటు దాంకనే పోత. మెట్లు నేనే ఎక్కాలె గద," అన్నారు ఆమె. "నువ్వు పోయి దుకాణం తెరుచుకో బిడ్డా."

ఆయన దుకాణానికి పోలేదు. మా వెనకే దేవిడీ వాకిలిదాకా వచ్చారు. అక్కడ ఆగిపోవలసి వచ్చింది. లోపలికి మగవాళ్లకు దారి లేదు. "నేను సుట్టు తిరిగి వస్త, మెల్లగ నడిపియ్యమ్మా," అని నాకు చెప్పి, పంచె ఎగగట్టి పెద్ద రోడ్డు వైపు గబగబా వెళ్లిపోయారు.

మేం దేవిడీ దాటి వెనక గల్లీలోకి దిగాం. దారంతా చిత్తడి. నేను పట్టుకోబోతే వద్దన్నారు. ఆచితూచి అడుగులేశారు. మలుపు దగ్గర ఒక అరుగు మీద కాసేపు కూర్చున్నారు. మా దవాఖాన ముందునుంచి వెళ్తుంటే సాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, ఆదాబ్ చేశారు. బడి గేటు లోపలికి వెళ్లేసరికి పెద్ద టీచరు మెట్ల పక్కన నిలబడి చూస్తోంది. ఆవిడ పక్కన ఇంకో అమ్మాయి ఉంది, సుశీలమ్మ గారి చోట్లోకి అనుకున్న మనిషి కాబోలు. మేడ మెట్లు నిలువుగా ఉన్నాయి. 

సుశీలమ్మ గారు పిట్టగోడ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. కుడికాలు, దాని పక్కకు ఎడమకాలు. మెట్లు మలుపు తిరిగేచోట ఎడమకాలు వణికింది. నేను తటాలున మోచెయ్యి కింద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యమ్మా," అన్నారు మెల్లగా. "పైనుంచి పిల్లలు చూస్తున్నరు."

తీశాను. ఆమె ఆ మలుపు తిరిగి పైకి వెళ్లిపోయారు. నేను కిందికి దిగి వచ్చేశాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్ద టీచరు ఆ కొత్తమ్మాయిని తీసుకుని తన గదిలోకి వెళ్లింది.

అప్పుడు వచ్చారు లక్ష్మీనారాయణ గారు. సేంది దుకాణం ముందునుంచి, టాంగాల మధ్యనుంచి, పెద్ద రోడ్డంతా చుట్టి వచ్చారు పాపం. మోకాళ్లదాకా బురద, ఒళ్లంతా చెమట. ఆయనకు ఊపిరి అందడం లేదు.

"వచ్చిందా? యాడ పడలే గద? నేను ముందుగాల్నే వస్తననుకున్న."

"పైన ఉన్నారండీ, క్లాసులో," అన్నాను.

ఆయన నమ్మకం లేనట్టు మెట్లవైపు చూశారు. పైకి వెళ్దామని మొదటి మెట్టు మీద కాలు వేశారు. అంతలో మేడమీద పిల్లల గోల ఒక్కసారిగా ఆగి, ఒక గొంతు ఖంగున వినిపించింది.

"సెలవులల్ల ఎక్కాలన్ని మింగేసిన్రా? లేచి నిలబడున్రి అందరు! గట్టిగ చెప్పాలె, గేటు కాడికి ఇనబడాలె!"

లక్ష్మీనారాయణ గారు కాలు వెనక్కి తీసుకున్నారు. తల పైకెత్తి అలాగే వింటూ నిలబడ్డారు. పైన పిల్లలు ఎక్కం మొదలుపెట్టారు. మధ్యలో ఎవరో తప్పితే ఆ గొంతు మళ్లీ లేచింది.

"గీ గొంతు మా వదినెదా?" అని నన్నడిగారు.

"ఆవిడదేనండీ."

"ఇన్నేండ్లసంది మా ఇంట్లనే ఉన్నది," అన్నారాయన. "గింత గట్టిగ మాట్లాడంగ నేను ఒక్కపారి గూడ ఇనలే."

ఆ తర్వాత ఆ తడి మెట్టు మీదే కూర్చుండిపోయారు.